తార్నాకలో 26 కుర్చీల కాఫీ షాపు: తెరవక ముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

తార్నాక మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే ఒక లోపలి వీధి. గ్రౌండ్ ఫ్లోర్‌లో 780 చదరపు అడుగులు, అద్దె నెలకు రూ. 52,000. వచ్చేవాళ్లు ఉస్మానియా విద్యార్థులు, హబ్సిగూడ వైపు పరిశోధన సంస్థల్లో పనిచేసేవాళ్లు, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో రిటైరైన పెద్దలు, ఆర్డరుకూ ఆర్డరుకూ మధ్య నీడ వెతుక్కునే డెలివరీ కుర్రాళ్లు. పర్యావరణం మీద భారం తక్కువగా ఉండాలి, కాలనీకి కూర్చునే చోటు దొరకాలి, షాపు కూడా బతకాలి. ఇద్దరు భాగస్వాములు వేసుకున్న ప్లాను ఇది. కింద ఉన్న ధరలన్నీ ఈ ప్లానుకు తీసుకున్న అంచనాలు. అద్దె మారితే మొత్తం లెక్క కదులుతుంది, కాబట్టి అంకెల కన్నా అవి ఎలా కట్టామో చూడండి.

మొదటి డ్రాఫ్టులో ‘సస్టైనబుల్’ అన్న శీర్షిక కింద వెదురు స్ట్రాలు, జనపనార సంచులు, కంపోస్టబుల్ కప్పులు, గోడ నిండా మొక్కలు ఉన్నాయి. ‘కమ్యూనిటీ’ కింద వారానికో ఓపెన్ మైక్. వీటిలో ఒక్కదానికీ ఖర్చుల షీటులో లైను లేదు. పాల కాఫీ వల్ల పడే కార్బన్ భారంలో పెద్ద వాటా పాలది; ఆ పక్కన స్ట్రా లెక్కలోకే రాదు. అందుకని ఆ జాబితా పక్కన పెట్టి పాలు, నీళ్లు, కరెంటు, కుర్చీ అనే నాలుగింటి మీద ప్లానును మళ్లీ కట్టాం.

కుర్చీ-గంట

కౌంటరు, వంటగదికి 260 చదరపు అడుగులు, టాయిలెట్‌కు 40 పోతే కూర్చునేందుకు 480 మిగులుతుంది. అందులో 26 కుర్చీలు పడతాయి. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా 14 గంటలు, అంటే రోజుకు 364 కుర్చీ-గంటలు. నెల స్థిర ఖర్చు రూ. 2,16,860 (వివరం చివర్లో ఉంది), రోజుకు రూ. 7,229. భాగిస్తే ఒక కుర్చీ గంటకు దాదాపు రూ. 20.

ఇప్పుడు రూ. 40 ఫిల్టర్ కాఫీ తాగి మూడు గంటలు చదువుకునే విద్యార్థిని చూడండి. ఆ కాఫీ మీద పన్ను, ముడి ఖర్చు పోగా మిగిలేది రూ. 24, కుర్చీ ఖరీదు రూ. 60. చాలామంది యజమానులు ఇక్కడే భయపడి ‘ల్యాప్‌టాప్‌లకు అనుమతి లేదు’ అని బోర్డు పెట్టేస్తారు. అది తొందరపాటు. పదకొండు గంటలప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా అదే రూ. 20 ఖర్చవుతుంది, అతను కూర్చుంటే రూ. 24 వస్తాయి, షాపులో మనుషులు కనబడతారు. చిక్కంతా సాయంత్రం 5 నుంచి 8 వరకే. రోజు మిగులులో సగం ఆ మూడు గంటల్లో రావాలి. అంటే అప్పుడు ఒక్కో కుర్చీ-గంటకు సుమారు రూ. 64 రావాలి.

కాబట్టి నియమాన్ని బోర్డు మీద రాయకుండా వైరింగులో పెట్టాం. ఛార్జింగ్ సాకెట్లు ఎనిమిది మంది పట్టే పొడవాటి బల్ల దగ్గరే ఉంటాయి, వాటికి విడి సర్క్యూట్, కౌంటరు వెనక స్విచ్. సాయంత్రం 5కి ఆపుతారు, 8కి వేస్తారు. ఎవరినీ లేవమని అడగక్కర్లేదు. ఈ సర్క్యూట్ విడిగా వేయమని ఎలక్ట్రీషియన్‌కు డ్రాయింగులోనే చెప్పాలి. ప్లాస్టరింగ్ అయ్యాక అడిగితే గోడ పగలగొట్టాల్సిందే.

ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల మీద గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు కదా అని కొందరు అడుగుతారు. అక్కడ తిరిగే కప్పుల సంఖ్య వేరు. రోజుకు 150 కప్పులమ్మే షాపు ఆ ఉదారతను కాపీ కొట్టలేదు, గంటల వారీగా పంచుకోవాలి.

సముదాయానికి పెట్టే ఖర్చు నెలకు రూ. 9,000 అని విడి లైను వేశాం. రోజుకు పది ఫిల్టర్ కాఫీలు ఉచితంగా ఇస్తే ముడి ఖర్చు లెక్కన రూ. 4,200. నెలకు నాలుగు కార్యక్రమాలకు అదనపు మనిషి కూలీ రూ. 2,800. మిగతా రూ. 2,000 వేసవిలో చలివేంద్రానికి, మిగతా నెలల్లో పిల్లల పుస్తకాల అలమారకు. ఒకరు డబ్బు కట్టి మరొకరు తాగే టోకెను కాఫీ కూడా ఉంది: కట్టిన రోజే బిల్లు కొట్టి, టోకెను డబ్బాలో వేయాలి. రాత్రి లెక్కలో డబ్బా టోకెన్లు, బిల్లులు సరిపోవాలి. ఈ పని వారం రోజులు మానేస్తే జనం పెట్టిన డబ్బు ఎటు పోయిందో ఎవరూ చెప్పలేరు, ఆ తర్వాత టోకెను కొనే మనిషి ఉండడు.

నీళ్లు

హైదరాబాద్‌లో కాఫీ రుచినీ మెషీన్ ఆయుష్షునీ అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది సంపు. జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు అన్నీ అందులోనే కలుస్తాయి. సోమవారం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 320 ఉన్న కొళాయి శుక్రవారం 900 చూపించవచ్చు. ఒక్కసారి కొలిచి ఫిల్టర్ కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కాఫీకి కావాల్సిన నీళ్లు టీడీఎస్ 150 చుట్టూ, 75 నుంచి 250 మధ్య. కాఠిన్యం, అంటే నీటిలోని సున్నం, 50 నుంచి 175 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). మామూలు ఆర్‌వో నీళ్లు 20 దగ్గర ఉంటాయి. కాఫీ చప్పగా వస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బాయిలర్‌లో నీటిమట్టం చూసే కడ్డీ నీటిలోని లవణాల ద్వారా కరెంటు పారితేనే నీరుందని గుర్తిస్తుంది. మరీ శుద్ధమైన నీరైతే గుర్తించదు, పంపు ఆగదు, బాయిలర్ నిండి ఆవిరి గొట్టం నుంచి నీళ్లు కారతాయి. మెకానిక్ వచ్చి సెన్సార్ పోయిందని మార్చి వెళ్తాడు, తప్పు నీళ్లలోనే ఉంటుంది.

దీనికి అందరూ వాడే పరిష్కారం బైపాస్: ఆర్‌వో నీటిలో కొంత ముడి నీరు కలపడం. ముడి నీరు 320, ఆర్‌వో 20 అయితే 40 శాతం ముడి నీరు కలిపితే 140 వస్తుంది. లెక్క బాగానే ఉంది. ట్యాంకరు వచ్చిన రోజు ముడి నీరు 900, ఆర్‌వో 60 అవుతాయి. అదే వాల్వు అమరిక మీద కప్పులోకి 396 వెళ్తుంది. మారుతూ ఉండే సంపు మీద బైపాస్ నమ్మొద్దు. ఈ ప్లానులో సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, ఆర్‌వో, దాని తర్వాత ఖనిజాలు తిరిగి చేర్చే కార్ట్రిడ్జ్ పెట్టాం. అమరికతో కలిపి రూ. 55,000. రోజూ తెరవగానే టీడీఎస్ పెన్నుతో ఒకసారి, వారానికోసారి చుక్కల కిట్‌తో కాఠిన్యం చూడాలి. పెన్ను మొత్తం లవణాలే చెబుతుంది, సున్నం ఎంతో చెప్పదు.

ఆర్‌వో నీళ్లు తాగడానికి, కాఫీకి, మెషీన్‌కు మాత్రమే: రోజుకు 60 లీటర్లు. లీటరుకు రెండు లీటర్లు వ్యర్థంగా పోతాయనుకుంటే 120 లీటర్లు. దాన్ని 200 లీటర్ల డ్రమ్ములోకి మళ్లించి నేల తుడవడానికి, టాయిలెట్‌కు వాడాలి. మొక్కలకు పోయొద్దు. లవణాలు ఎక్కువగా ఉండి కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర కడుతుంది.

మెషీన్, కరెంటు

రెండు గ్రూపుల (కాఫీ దిగే తలల) ఎస్ప్రెసో మెషీన్ కావాలని భాగస్వాముల కోరిక. అంచనా ప్రకారం రోజుకు 62 ఎస్ప్రెసో, బ్లాక్ కాఫీలు, రద్దీ గంటలో 20. ఒక గ్రూపు మెషీన్ మీద ఒక్కో డ్రింక్‌కు రెండు నిమిషాలు పట్టినా గంటకు 30 వస్తాయి. రెండో గ్రూపు రోజంతా వేడిగా ఉండి కరెంటు తినడం తప్ప చేసేదేమీ లేదు. ఉదయపు రద్దీని మోసేది ఫిల్టర్ డికాక్షన్: ముందే తీసి పెట్టుకోవచ్చు, మెషీన్ మొరాయించిన రోజు కూడా అమ్మకం ఆగదు. 100 గ్రాముల పొడికి 300 మిల్లీలీటర్ల డికాక్షన్, కప్పుకు 30. తీసిన డికాక్షన్ నాలుగు గంటలు దాటితే పులుపు పడుతుంది కాబట్టి పెద్ద పాత్రలో ఒకేసారి కాకుండా చిన్న విడతలుగా తీయాలి.

ఎస్ప్రెసోకు మొదటి అమరిక: 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు, 93 డిగ్రీలు. వేసవి మధ్యాహ్నం గ్రైండర్ వేడెక్కితే సమయం మారుతుంది. ఉదయం సరిచేసిన అమరిక సాయంత్రానికి పనికిరాదు. అందుకే రోజూ 150 గ్రాముల పొడి అమరికకే పోతుందని లెక్కలో రాసుకున్నాం.

మెషీన్ 2.7 కిలోవాట్లు, గ్రైండర్ 0.4, ఫ్రిజ్, ఫ్రీజర్ కలిపి 0.9, ఏసీలు రెండు 3.4, ఓవెన్ 2.5, వేడినీళ్లు 2.5, దీపాలు ఫ్యాన్లు 0.6. మొత్తం 13 కిలోవాట్లు. త్రీ ఫేజ్ కమర్షియల్ కనెక్షన్ తప్పదు. ఇంటి మీటరు మీద నడుపుకోండి అని భవన యజమాని చెబితే వినొద్దు. తనిఖీలో పట్టుబడితే జరిమానా పడేది అద్దెదారుకే. రోజుకు 50 యూనిట్లు, యూనిట్ రూ. 11 చొప్పున నెలకు రూ. 16,500.

కరెంటు మిగిలే చోట్లు రెండే. మెషీన్‌ను రాత్రి ఆపకపోతే పది గంటల్లో సుమారు 5 యూనిట్లు, నెలకు రూ. 1,650 పోతాయి, టైమర్ పెట్టి 6:30కి ఆన్ అయ్యేలా చేస్తే చాలు. రెండోది పడమటి అద్దం. ఎండను అద్దం బయటే ఆపాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది, దాన్ని బయటికి తోసేందుకు ఏసీ తిరుగుతుంది.

పాలు

రోజుకు 18 లీటర్లు. ఫిల్టర్ కాఫీకి ఫుల్ క్రీమ్, కాపుచినోకు టోన్డ్ అని రెండు రకాలు పెడితే ఫ్రిజ్‌లో గందరగోళం, గడువు దాటిన ప్యాకెట్లు మిగులుతాయి. 4.5 శాతం కొవ్వు, 8.5 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఉండే స్టాండర్డైజ్డ్ పాలు రెండింటికీ సరిపోతాయి. నురగ నిలిచేది ప్రోటీన్ వల్ల, కొవ్వు వల్ల కాదు. లీటరు ప్యాకెట్లకు బదులు హోటళ్లకిచ్చే పెద్ద ప్యాకెట్లు తీసుకుంటే కవర్ల చెత్త తగ్గుతుంది.

అసలు నష్టం జగ్గు అడుగున ఉంటుంది. ఒక కప్పుకు 600 మిల్లీలీటర్ల జగ్గు వాడితే కనీసం 30 మిల్లీలీటర్లు మిగిలి సింకులోకి పోతాయి. రోజుకు 50 కప్పులకు లీటరున్నర, నెలకు సుమారు రూ. 3,000. ఒక కప్పుకు 350 జగ్గు, రెండు కప్పులకు 600 జగ్గు, లోపల గీత. పర్యావరణం పేరుతో ఈ షాపు కొనే వస్తువుల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు. పాలను 65 డిగ్రీలు దాటించొద్దు. ఓట్ పాలు మొదట్లో వద్దు, తెరిచిన డబ్బా అమ్ముడుపోకుండా పారబోస్తే ఉద్దేశమే తలకిందులవుతుంది.

గింజలు

ఎస్ప్రెసో, బ్లాక్ కాఫీలకు నెలకు 38 కిలోలు; 80:20 చికోరీ కలిపిన ఫిల్టర్ పొడిలో కాఫీ 22 కిలోలు. మొత్తం 60 కిలోల వేయించిన గింజలు. వేయించేటప్పుడు 15 నుంచి 16 శాతం బరువు తగ్గుతుంది కాబట్టి పచ్చి గింజలు నెలకు 71, ఏడాదికి 850 కిలోలు. అరబికాలో ఒక కిలో పచ్చి గింజకు ఐదారు కిలోల పండు కావాలి. అంటే ఈ చిన్న షాపు వెనక ఏటా నాలుగున్నర టన్నులకు పైగా పండు కోత ఉంది.

ఆ పండు అరకు నుంచి రావాలని ప్లాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో సిల్వర్ ఓక్ నీడన, మిరియం తీగల పక్కన గిరిజన రైతులు పండించే అరబికా అది, 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సంచి మీద ‘అరకు’ అని ఉంటే సరిపోదు. గింజలు వేయించి ఇచ్చే రోస్టర్‌ను నాలుగు అడగాలి: ఏ సంవత్సరం కోత, ఏ మండలం, పండును ఎక్కడ పల్ప్ చేశారు (తొక్క తీశారు), రైతుకు కిలో పండుకు ఎంత ఇచ్చారు. నాలుగోదానికి సమాధానం చెప్పలేని రోస్టర్ దగ్గర కొనవచ్చు, కానీ గోడ మీద ‘రైతు నుంచి నేరుగా’ అని రాయకూడదు.

కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాబట్టి ఏడాది సరుకు మాట అప్పుడే కుదుర్చుకోవాలి. పచ్చి గింజలను షాపులో నిల్వ చేయొద్దు. ఏప్రిల్, మే వేడికి తేమ పోయి రుచి చచ్చిపోతుంది. అవి రోస్టర్ గోదాములోనే ఉండి, వారానికోసారి వేయించి రావాలి. ఎస్ప్రెసో గింజలకు వారం నుంచి పది రోజుల విశ్రాంతి కావాలి కాబట్టి రెండు వారాల సరుకు ఎప్పుడూ చేతిలో ఉండాలి. సొంత రోస్టర్ మెషీన్ మాట ఈ పరిమాణానికి అనవసరం.

కప్పులు, చెత్త

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, కలిపే పుల్లలు, ప్లాస్టిక్ కప్పులు, స్పూన్లు నిషేధం. దాంతో అందరూ కాగితం కప్పులకు మారారు. వాటి లోపలి ప్లాస్టిక్ పొర విడదీసేవాళ్లు దొరకరు, చివరికి అవి జవహర్‌నగర్ డంపుకే చేరతాయి. మొక్కల పిండి నుంచి చేసి కంపోస్టబుల్ అని అమ్మే పీఎల్‌ఏ కప్పు కుళ్లాలంటే 60 డిగ్రీల దగ్గర నడిచే పెద్ద కంపోస్ట్ ప్లాంటు కావాలి. పెరటి డ్రమ్ములో అది నెలల తరబడి అలాగే ఉంటుంది. రెట్టింపు ధర పెట్టి కొనడం దేనికి?

షాపులో తాగేవాళ్లకు స్టీలు గ్లాసులు, పింగాణీ కప్పులే. రద్దీ గంటకు ఎన్ని కావాలో దానికి ఒకటిన్నర రెట్లు: 70 స్టీలు, 35 పింగాణీ. కడగడానికి మూడు సింకులు: సబ్బు, శుభ్రమైన నీరు, 50 పీపీఎం క్లోరిన్ నీరు. తర్వాత జాలీ మీద గాలికి ఆరాలి. బట్టతో తుడిస్తే మొదటి మూడు పనులూ వృథా. ఈ మూడో సింకుకు చోటు లేదని తీసేసే షాపులే నెల తిరక్కుండా ‘కడగడం కుదరట్లేదు’ అని కాగితం కప్పులకు మారతాయి.

పార్సిల్ రోజుకు 40 ఉండవచ్చు. సొంత కప్పు తెస్తే పది రూపాయల తగ్గింపు అంటే పెద్దగా పట్టించుకోరు. కాఫీ ధర తగ్గించి చూపి, కప్పుకు విడిగా రూ. 10 అని బిల్లులో కొడితే ఆలోచిస్తారు. దానితో పాటు రూ. 100 డిపాజిట్ మీద మూతున్న స్టీలు గ్లాసులు 60. డిపాజిట్ గ్లాసు కొన్న ధర కన్నా తక్కువ ఉండకూడదు. ఉంటే గ్లాసులు వంటిళ్లలో స్థిరపడిపోతాయి.

వాడేసిన పొడి తడి బరువులో రోజుకు 4 కిలోలు. నగరంలో మిద్దెతోటల వాళ్లు దీన్ని సంతోషంగా తీసుకెళ్తారు, కానీ అదే రోజు తీసుకెళ్లాలి. వేసవిలో మర్నాటికే బూజు పడుతుంది. ఐదు కిలోల మూత బకెట్లు, వారంలో ఎవరిది ఏ రోజో రాసిన పట్టిక ఉండాలి. తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట చెప్పాలి: నేరుగా కుండీలో పోస్తే అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు, లేత మొక్కలు ఎదగవు. ఒక వంతు పొడికి రెండు వంతుల ఎండాకులు లేదా కొబ్బరిపొట్టు కలిపి కుళ్లబెట్టాకే వేయాలి. ఎవరూ రాని రోజులకు షాపు వెనక 200 లీటర్ల డ్రమ్ము ఒకటి.

అద్దె, అనుమతులు

ఆస్తిపన్ను రసీదులో భవనం నివాసమా, వాణిజ్యమా అన్నది అడ్వాన్సు ఇచ్చే ముందే చూడాలి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్స్, షాప్స్ చట్టం కింద నమోదు, జీఎస్టీ అన్నీ ఆ చిరునామా మీదే నడుస్తాయి. 11 నెలల ఒప్పందంతో పదహారు లక్షల అమరిక పెట్టడం అవివేకం. మూడేళ్ల రిజిస్టర్డ్ లీజు, ఏటా 5 శాతం పెంపు, ఆ మూడేళ్లూ యజమాని ఖాళీ చేయించకూడదన్న షరతు. ముందు సెట్‌బ్యాక్‌లో (భవనం ముందు ఖాళీగా వదలాల్సిన చోట) బల్లలు వేస్తే 10 కుర్చీలు పెరుగుతాయని ఆశ పుడుతుంది. ఏ రోజైనా తీసేయమనే చోటును ఆదాయంలో లెక్కవేయకూడదు. అక్కడ నీళ్లకుండ, ఒక బెంచీ చాలు.

హోటళ్లు 5 శాతం జీఎస్టీ వేస్తాయి, ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. మెషీన్ మీద, అద్దె మీద కట్టే 18 శాతం వెనక్కి రాదు. యజమానికి జీఎస్టీ నంబరు లేకపోయినా రివర్స్ ఛార్జి కింద 2024 అక్టోబరు నుంచి అద్దెదారే కట్టాలి. కాబట్టి అద్దె రూ. 52,000 కాదు, రూ. 61,360.

డబ్బు

ప్రారంభ ఖర్చు, లక్షల్లో: ఆరు నెలల డిపాజిట్ 3.12, ఎస్ప్రెసో మెషీన్ 2.40, గ్రైండర్ 1.10, ఫ్రిజ్, ఫ్రీజర్ 1.60, నీటి వ్యవస్థ 0.55, ఓవెన్, ఇండక్షన్, పాత్రలు 0.90, కరెంటు పని 1.80, ప్లంబింగ్, సింకులు, గ్రీజ్ ట్రాప్ (జిడ్డు ఆపే పెట్టె) 1.30, పాత టేకు ఫర్నిచర్ 2.40, సివిల్ పని, ఏసీలు 3.00, కప్పులు గ్లాసులు 0.60, అనుమతులు, బిల్లింగ్ 0.50, తొలి సరుకు 0.70. మొత్తం దాదాపు 20 లక్షలు. దీని పక్కన 5 లక్షలు ముట్టుకోకుండా ఉంచాలి. సొంతం 15, అప్పు 10.

నెల స్థిర ఖర్చు: అద్దె రూ. 61,360, ఐదుగురు మనుషులు రూ. 85,000, కరెంటు 16,500, గ్యాస్, నీళ్లు, ఇంటర్నెట్ 8,000, శుభ్రత, మెషీన్ మరమ్మతు నిధి 10,000, సముదాయం 9,000, అకౌంటెంట్ 5,000, పది లక్షల అప్పుకు ఐదేళ్ల ఈఎంఐ 22,000.

అమ్మకం, జీఎస్టీ తీసేశాక: ఫిల్టర్ కాఫీ 90, ఒక్కోటి రూ. 38, ముడి ఖర్చు 14. పాల ఎస్ప్రెసో డ్రింకులు 50, ఒక్కోటి రూ. 133, ముడి ఖర్చు 36. బ్లాక్, కోల్డ్ బ్రూ (చల్లటి నీటిలో నానబెట్టి తీసే కాఫీ) 12, ఒక్కోటి రూ. 143, ముడి ఖర్చు 30. కాలనీ మహిళా సంఘం నుంచి తెచ్చే చిరుతిళ్లు 60, ఒక్కోటి రూ. 70, మిగులు 40 శాతం. రోజుకు అమ్మకం సుమారు రూ. 16,000, మిగులు రూ. 10,046. వృథాకు నెలకు పదివేలు తీస్తే, లక్ష్యంలో 75 శాతం అమ్మితే లాభం లేదు, నష్టం లేదు. అంటే రోజుకు రూ. 12,000 అమ్మకం. సగమే అమ్మితే నెలకు సుమారు రూ. 76,000 లోటు. ఆరు నెలలకు నాలుగున్నర లక్షలు. ఆ ఐదు లక్షలు పక్కన పెట్టమన్నది ఇందుకే. వాటిని ఇటాలియన్ టైల్స్‌కు ఖర్చుపెట్టిన షాపులు చాలానే మూతపడ్డాయి.

నాలుగో నెల చివర రోజు మిగులు రూ. 5,500 దాటకపోతే ఏది ముందు తగ్గించాలో ఇప్పుడే రాసుకున్నాం. మొదట చిరుతిళ్ల రకాలు ఎనిమిది నుంచి మూడుకు. తర్వాత మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా ఒక్క మనిషితో నడపడం, రెండో ఏసీ ఆపడం. అప్పటికీ కుదరకపోతే డెలివరీ యాప్‌లలో కాఫీ పొడి, కోల్డ్ బ్రూ సీసాలు మాత్రమే. వేడి కాఫీ ప్రయాణంలో పాడవుతుంది, కమిషన్ పోగా మిగిలేదీ తక్కువ. రూ. 40 ఫిల్టర్ కాఫీ ధర పెంచడం అన్నిటికన్నా చివర. అది పెంచితే ఉదయం ఏడింటికి తలుపు తీసేసరికి నిలబడి ఉండే పెద్దలు ముందు తగ్గుతారు, వాళ్ల వెనకే టోకెన్లు కొనేవాళ్లు.